ఆటలో నెగ్గిన బిల్లు

బోడిగట్టు సభవారికి,

ముందుగా మన్నించాలి. నా చేతిరాత బాగుండదు. అయిదో తరగతితో ఆపేశాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తికమకే. పంటు ఊగినప్పుడు రాసిన చోట అక్షరాలు మరీ వంకర పోయాయి. చదవలేకపోతే ఎవరిచేతన్నా చదివించుకోండి.

నా పేరు పెసింగి కామయ్య. మాది పంట్ల ఊరు. సముద్రం పొలాల మీదికొచ్చాక మా పెద్దవాళ్ళు రేవుల్లో బళ్ళనీ మనుషుల్నీ దాటించే పంట్లన్నీ తెచ్చి, ఒకదానికొకటి కొక్కేలతో తగిలించి ఊరు చేసుకున్నారు. మీకు ఉప్పు తెచ్చే నావ మా ఊరిదే.

మీతో పని పడింది. అదేమిటో చివర అడుగుతాను. ముందు జరిగింది తెలియాలి. ఇవి ఎప్పటికప్పుడు రాసుకున్న కాగితాలే. మీకు తెలియనివాటికి అక్కడక్కడ అర్థం కలిపాను, ఇంకేదీ మార్చలేదు.

పాడ్యమి. గాలి లేదు.

పొద్దున్నే హైమావతి టీచరమ్మ వచ్చింది. బడిలో కొత్తగా సభ పాఠం పెడుతోందట. చట్టం ఎలా పుడుతుందో పిల్లలకి తెలియాలంది.

"పుస్తకాల్లో ఎక్కడా లేదు తాతగారూ. సభలో కూర్చున్నవాళ్ళు ఊరంతటికీ ఇద్దరే మిగిలారు. సూర్రావు గారూ, మీరూ."

సూర్రావు గారు సభాపతిగా చేశారు. మాట్లాడతారు. నా సంగతి వేరు. అప్పట్లో చీటీలు తీసి సభ్యుల్ని పెట్టేవారు. ఒకసారి నా పేరొచ్చింది. దఫా అంతా కూర్చున్నాను, ఒక్క మాట మాట్లాడలేదు.

"నాకు మాట్లాడ్డం రాదమ్మా" అన్నాను.

"రాకపోతే రాసుకోండి. చూసి చదువుదురుగాని" అని ఈ కాగితాలు నా ఒళ్ళో పెట్టింది.

ఆమె మాట కాదనలేకపోయాను.

తదియ. కాస్త ఉక్క.

సభ పంటు మీద ఇప్పుడు వలలు ఆరేసుకుంటున్నారు. టీచరమ్మ వాటిని పక్కకి తీయించి పిల్లల్ని కూర్చోబెట్టింది. సూర్రావు గారు చాలాసేపు చెప్పారు. పిల్లలు కాళ్ళు ఊపుతూ విన్నారు.

ఓట్ల సంగతి వచ్చేసరికి అందరూ నిటారుగా కూర్చున్నారు. మా సభలో చేతులెత్తడం లేదు. ఔనన్నవాళ్ళు పంటుకి ఎడమ అంచుకి వెళ్ళాలి, కాదన్నవాళ్ళు కుడి అంచుకి. ఎటు బరువెక్కువైతే పంటు అటు ఒరుగుతుంది. నడుమ గాజు గొట్టంలో నీళ్ళూ బుడగా ఉంటాయి. ఎడమకి ఒరిగి బుడగ ఎర్ర గీత దాటితే బిల్లు నెగ్గినట్టే. దాటకపోతే ఉన్నది ఉన్నట్టే.

కుందన అని మా మరదలి మనవరాలు లేచింది. తోక పంటు పిల్ల. అంటే వరసలో ఆఖరు పంటు.

"తాతా, నువ్వెటు వెళ్ళేవాడివి?"

"ఒక్కోసారి ఒక్కో వైపు."

"ఎందుకెళ్ళావో చెప్పేవాడివా?"

"లేదే."

"మరి వాళ్ళకెలా తెలుస్తుంది?"

"బుడగకి తెలిసేది" అన్నాను. అందరూ నవ్వారు. నాకు చెవులు కాలాయి. కానీ బాగానే ఉంది.

సరంగు గురించి కూడా చెప్పాను. మీకూ చెప్పాలి. పూర్వం లాంచీ నడిపేవాణ్ణి సరంగు అనేవారు. మా సరంగు మనిషి కాదు, యంత్రం. సభ పంటు అడుగున ఉంటుంది. మంచినీళ్ళు తీస్తుంది. కొక్కేలు బిగిస్తుంది, విప్పుతుంది. చట్టాలు గుర్తుపెట్టుకుంటుంది. ఏటేటా పాత చట్టాల్నే మళ్ళీ చదివి వినిపిస్తుంది. ఇబ్బంది లేదు కదా అని జనం సభకి రావడం మానేశారు. ఎవరూ ఆపింది లేదు. మానేశారంతే.

పంచమి. తూర్పుగాలి.

నువ్వు చూసినవాటిల్లో పెద్ద గొడవ ఏది తాతా అని పిల్లలు పట్టుకున్నారు. తోక పంటు బిల్లు అని చెప్పాను. కాగితం చూసి చదివాను, ఎలాగో గట్టెక్కాను.

ఓ ఏడాది వరసగా తుఫాన్లు వచ్చాయి. తోక పంటు అప్పటికే పాతది, నీళ్ళు కారేది. దాని బరువుకి ఊరు గాలికి తిరగలేకపోతోందని, విప్పేద్దామని ఒకాయన బిల్లు పెట్టాడు. మా సభకి ఒక అలవాటుండేది. బిల్లు ఎవరికి తగులుతుందో వాళ్ళింట్లో ముందు భోంచెయ్యాలి, ఆ తరవాతే ఓటు. రాసిన నియమం కాదు. అలా జరిగిపోయేది. ఆయన మా అత్తగారింట్లో తిన్నాడు. ఎండు మెత్తళ్ళు వేసిన చేపల పులుసు. తింటున్నంతసేపూ మా అత్తగారు బిల్లు ఊసెత్తలేదట. పులుసు సరిపోయిందా, ఇంకాస్త వెయ్యనా అని అడుగుతూనే ఉందట. మర్నాడు ఓటప్పుడు ఆయనే కాదు వైపుకి వెళ్ళి నిలబడ్డాడు. బిల్లు పడిపోయింది.

"మా తాతమ్మ పులుసుకేనా!" అంది కుందన. వాళ్ళ పంటు పిల్లలు చప్పట్లు కొట్టారు.

సప్తమి. పొద్దుట ఎండ.

ఈ రోజు పిల్లలే సభ్యులు. ఏ బిల్లు పెడదామంటే, తాత చెప్పిందే అన్నారు. కుందన లేచింది. పమిటలా గుడ్డ వేసుకుని వచ్చింది.

"అధ్యక్షా! తోక పంటు కారుతోంది. మా మామ్మ రోజూ బొచ్చెతో నీళ్ళు తోడలేక నడుం పట్టుకుంటోంది. దాన్ని విప్పెయ్యాలని కోరుతున్నాను!"

తన ఇంటి కష్టం కాబట్టి బాగా తెలుసు దానికి. సూర్రావు గారు కూడా శభాష్ అన్నారు.

ముందు భోజనం కదా అని టీచరమ్మ గుర్తుచేసింది. ఇంటికెళ్ళే వేళయిపోతోందన్నారు పిల్లలు. తిన్నట్టు అనుకుందాం అని గుప్పిట నోటి దగ్గర పెట్టుకుని ఉత్తినే నమిలారు. ఒకడు త్రేన్చాడు కూడా.

ఓటుకి అందరూ ఎడమ అంచుకి పరిగెత్తారు. ఎందుకంటే అంతమంది వెళితే పంటు ఒరుగుతుంది. ఒరిగితే జారొచ్చు. కాదు వైపు నిలబడ్డ ముగ్గురు కూడా జారడం కోసం ఇటే వచ్చేశారు. కేకలు, నవ్వులు. బుడగ గీత దాటి చివరికి పోయింది. సూర్రావు గారు గంట కొట్టి, బిల్లు నెగ్గింది అని చాటారు.

అడుగున టక్కుమని చప్పుడైంది. కొక్కెం ఏదో సర్దుకుందనుకున్నాను.

నవమి. మబ్బు.

రోజూ పొద్దున సరంగు సముద్రం పోటూ పాటూ వేళలు చెబుతుంది. నీళ్ళు ఎన్నింటికి వదులుతుందో చెబుతుంది. ఈ రోజు ఇంకో మాట చెప్పింది.

"తోక పంటు కొక్కేలు పున్నమి పోటుకి విప్పబడును. సభ ఆమోదించింది."

జనం మొదట నవ్వారు. యంత్రానికి మతి పోయిందన్నారు. కాసేపటికి మరదలు తాయారు నా గుమ్మంలో నిలబడింది. చేతిలో వల అల్లే నూలుకండె అలాగే ఉంది.

"ఏం బావా, జీవితంలో మొదటిసారి నోరు విప్పావు, మా పంటు విప్పేశావు."

"అది ఆట తాయారూ."

"ఆటో పాటో నాకు తెలీదు. నీళ్ళ మర ఉన్నది మీ దగ్గర. మాకొచ్చేది గొట్టంలో. కొక్కెం ఊడితే గొట్టం ఊడుతుంది. పిల్లా పీచుతో సముద్రం తాగమంటావా?"

కుందన ఆమె కొంగు వెనక నిలబడి ఉంది. నావైపు చూడలేదు.

దశమి. మబ్బే.

టీచరమ్మా, సూర్రావు గారూ, నేనూ కిందికి దిగి సరంగుని అడిగాము.

"సభ కూర్చుంది. గంట మోగింది. బుడగ గీత దాటింది" అంది.

"వాళ్ళు పిల్లలు!" అంది టీచరమ్మ.

"వయసు నియమం లేదు. బరువు నియమం ఉంది."

భోజనం జరగలేదు అన్నాను నేను.

"ఆ నియమం నా దగ్గర లేదు."

నిజమే. దాని దగ్గరెలా ఉంటుంది? ఎవరూ రాయలేదు. మా నోళ్ళలోనే ఉండిపోయింది. ఆ నోళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

మార్చాలంటే ఏం చెయ్యాలని సూర్రావు గారు అడిగారు. మళ్ళీ సభ కూర్చుని, ఆ చట్టం రద్దు చేస్తూ ఇంకో బిల్లు నెగ్గించాలంది. పున్నమి లోపల.

"ఓస్, ఇంతేనా! ఊరంతా వచ్చి ఎడమ అంచున నిలబడితే అయిపోయె. త్రయోదశినాడు కూర్చుందాం" అన్నారు సూర్రావు గారు. నా భుజం తట్టారు. ప్రాణం కుదుటపడింది.

ఏకాదశి. ఎండ.

సభకి రమ్మని చెప్పడానికి టీచరమ్మ వెంట పంటు పంటుకీ తిరిగాను. మొదట అందరూ తప్పకుండా అన్నారు. సాయంత్రం కుళాయి దగ్గర మాట మారింది.

"ఎంతన్నా తోక లేకపోతే ఊరు తేలిగ్గా తిరుగుతుంది."

"నీళ్ళు కూడా ఓ బిందె ఎక్కువొస్తాయి."

"మనం చేశామా ఏంటి? పిల్లలు చేశారు. అందులో వాళ్ళ పిల్లే పెట్టింది బిల్లు."

"వాళ్ళని సముద్రంలో తోస్తామా? వచ్చి మన పంట్లలో ఉండమందాం."

"ఎవరింట్లో?" అని టీచరమ్మ అడిగింది. బిందెలు ఎత్తుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

సూర్రావు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన పడక కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉన్నారు.

"చట్టం చట్టమే కదా కామయ్యా. నచ్చినప్పుడు ఒకలా, నచ్చనప్పుడు ఒకలా అంటే పిల్లలకి మనం నేర్పేదేంటి?"

"నిన్న మీరేగా ఓస్ ఇంతేనా అన్నారు?"

"ఆలోచించాను" అన్నారు. ఆయన కోడలు మజ్జిగ తెచ్చింది. తాగలేదు, వచ్చేశాను. ఆయన మాటలో తప్పెక్కడుందో దారంతా వెతికాను. ఉందని తెలుసు. చెప్పడం రాలేదు.

ద్వాదశి. గాలి లేదు.

తాయారు ఊరందర్నీ భోజనానికి పిలిచింది. తోక పంటులో ఉన్న ఇరవై గడపలవాళ్ళూ ఇంట్లో ఉన్న బియ్యం తెచ్చి ఒక్కచోట పోశారు. మెత్తళ్ళ పులుసు, గోంగూర, చారు. గోంగూర డబ్బాల్లో పెంచుకున్నది. చాపలు పరిచారు. నేను నీళ్ళ గ్లాసులు సర్దాను.

"బావా, వంగి వంగి సర్దకు. వచ్చేవాళ్ళని చూసి సర్దు" అంది తాయారు.

టీచరమ్మ వచ్చింది. పక్క పంటు నుంచి ఒక ముసలాయన వచ్చాడు, చెవుడు, ఎందుకు పిలిచారో ఆయనకి తెలీదు. కడుపు నిండా తిని, పెళ్ళికూతురేదమ్మా అని అడిగాడు. తాయారు నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది, కళ్ళు తుడుచుకుంది. ఓ నలుగురు ఆడవాళ్ళు వచ్చి నిలబడే కాస్త రుచి చూసి, పనులున్నాయని వెళ్ళారు. మిగతావాళ్ళు కబురు పంపారు. ఒకరికి కడుపులో బాగాలేదు. ఒకరికి ఏకాదశి ఉపవాసం ఇంకా తీరలేదట.

రాకపోవడం మరిచిపోయి కాదు. నాకు అప్పుడు అర్థమయింది. తింటే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు. ఆ పులుసు పాఠం వాళ్ళ పిల్లలు ఇంటికెళ్ళి చెప్పారు.

అన్నం చాలా మిగిలింది. గంజి పోసి ఉంచారు.

త్రయోదశి. గాలి లేదు.

సభ కూర్చుంది. ఊరంతా వచ్చింది, అబద్ధం చెప్పకూడదు. ఇంతమందిని ఆ పంటు మీద చూసి ఎన్నాళ్ళయిందో. పిల్లల్ని మాత్రం తేలేదు. గాలి ఎక్కువగా ఉందని ఇంట్లో ఉంచారట. ఆరేసిన వల కూడా కదలడం లేదు.

బిల్లు టీచరమ్మ చదివింది. తోక పంటు విప్పరాదు, ఇంతే. సూర్రావు గారు, ఎవరన్నా మాట్లాడతారా అన్నారు. ఎవరూ లేవలేదు. నేను లేచాను.

కాగితం తెచ్చుకోలేదు. ఇలా అన్నాను.

"నాకు మాట్లాడ్డం రాదు. మీకందరికీ తెలుసు. వాళ్ళు ఉండాలనుకుంటే ఎడమ వైపుకి రండి. పోవాలనుకుంటే కుడి వైపుకి వెళ్ళండి. ఎటన్నా వెళ్ళండి. ఎవరు ఎటు నిలబడ్డారో ఒకరికొకరం కనపడదాం."

అంతే వచ్చింది. కూర్చున్నాను.

గంట కొట్టారు. తోక పంటువాళ్ళూ, టీచరమ్మా, నేనూ ఎడమ అంచుకి వెళ్ళాం. నిన్న రుచి చూసిన నలుగురిలో ఒకామె వచ్చింది, వాళ్ళాయన చెయ్యి పట్టుకున్నా విడిపించుకుని వచ్చింది. కుడి అంచుకి ఒక్కరంటే ఒక్కరు వెళ్ళలేదు.

మిగతా ఊరంతా నడిమధ్యన నిలబడి ఉంది. అంత బరువు నడుమ దిగితే అంచున ఉన్న మా బరువుకి పంటు ఏం ఒరుగుతుంది? బుడగ కాస్త జరిగింది. గీత దాకా రాలేదు. కొందరు దాన్ని చూశారు. కొందరు కాళ్ళు చూసుకున్నారు. మా కోసం చాలాసేపు ఆగారు సూర్రావు గారు, అదీ చెప్పాలి. తరవాత గంట కొట్టారు.

"కాదన్నవారు లేరు. కానీ బిల్లు నెగ్గలేదు" అన్నారు.

"చూశావా బావా, నువ్వు నోరు తెరిస్తే ఊరు నోరు మూసుకుంది" అంది తాయారు. నవ్వడానికే అంది. మేమెవరం నవ్వలేదు.

చతుర్దశి. గాలి మొదలయింది.

పొద్దున తోక పంటు కుర్రాళ్ళు మోకులు తెచ్చి పక్క పంటుకి చేత్తో కట్టారు. కాసేపటికి సరంగు ఆ పక్క పంటుకి నీళ్ళు ఆపేసింది. చట్టానికి అడ్డం కట్టారంది. మధ్యాహ్నం దాకా ఓర్చుకున్నారు ఆ పంటువాళ్ళు. తరవాత ఒకతను కత్తి తెచ్చాడు. మేమందరం ఎరిగినవాడే. వల వెయ్యడం తాయారు దగ్గర నేర్చుకున్నాడు.

"పిన్నీ, ఇంట్లో బాలింతరాలు ఉంది పిన్నీ" అంటూ కోశాడు. మా మొహాలు చూడలేదు.

తాయారు తెగిన మోకు చుట్ట చుట్టి పక్కన పెట్టింది. "కొయ్యి నాయనా. కనీసం నువ్వు కనపడేలా చేశావు" అంది.

నా ట్రంకు పెట్టె తెచ్చి తోక పంటులో పెట్టుకున్నాను. నువ్వెందుకు, నీ పంటు వేరు కదా అన్నారు. నేను కథ చెప్పబట్టే పిల్లలు ఆ బిల్లు ఎంచుకున్నారని చెప్పాలనిపించింది, చెప్పలేదు. టీచరమ్మ కూడా వచ్చింది. బడి ఆమెకి ఇక ఇవ్వరట. పిల్లలకి లేనిపోనివి నేర్పిందని.

కుందన నిన్నటి నుంచి అన్నం తినడం లేదు. పక్కన కూర్చున్నాను. అప్పుడు అడిగింది.

"తాతా, చట్టం చేసింది నేనేనా?"

"కాదే. నువ్వు ఆడావు."

"మరి ఎవరు చేశారు?"

చాలామంది అని చెప్పాను. ఎవరూ ఏమీ చెయ్యకుండా చేశారని చెప్పాను. దానికి అర్థమయిందో లేదో. ఒక ముద్ద తింది.

బోడిగట్టు సభవారూ, ఇక నేను అడగాల్సింది.

రేపు పున్నమి పోటుకి మా కొక్కేలు విడతాయి. ఈ గాలీ ఈ నీటివాలూ ఉంటే మీ గట్టు వైపుకే కొట్టుకొస్తామని తాయారు అంటోంది. ఆమె నీటి లెక్క తప్పదు. ఉప్పు నావ మాకంటే ముందు మీకు చేరుతుంది, అందుకే దానితో ఈ కాగితాలు పంపుతున్నాను. మేం ఇరవై గడపలవాళ్ళం. టీచరమ్మ చదువు చెబుతుంది. మాలో వల అల్లడం రానివాళ్ళు లేరు. పంటు కారుతుంది, దాచను, రోజూ తోడుకోవాలి. పీపాల్లో నీళ్ళు కొద్దిగానే ఉన్నాయి.

మీ గట్టున మమ్మల్ని కట్టుకోనిస్తారా? మీ ఊళ్ళో చట్టాలు ఎవరు చేస్తారో నాకు తెలీదు. మనుషులే కూర్చుని చేసే అలవాటు ఇంకా ఉంటే, దయచేసి ఒకసారి కూర్చోండి. మా సంగతి మాట్లాడండి. రమ్మంటే ఏ రేవుకి రావాలో, ఎక్కడ మోకు విసురుతారో రాయండి. నావ సరంగు మనిషే, మంచివాడు, ఎదురొచ్చి మీ జవాబు మాకు అందిస్తానన్నాడు.

వద్దనుకుంటే వద్దని రాయండి, కింద పేర్లు పెట్టండి. మేమేమీ అనుకోము. వేరే దిక్కుకి తెడ్లు వెయ్యడానికి మాకు టైము కావాలి. అది కూడా జవాబే.

ఏదో ఒకటి రాయండి. తొందరగా రాయండి.

ఇట్లు,
పెసింగి కామయ్య,
తోక పంటు